జరగండి, జరగండి

వియన్నాలో చూడాల్సినవాటి లిస్టు ఒకటి రాసుకున్నాను. 19 వరసల స్ప్రెడ్‌షీట్. చోటు పేరు, తెరిచే టైమ్, మూసే టైమ్, టికెట్ ధర, ట్రామ్ నంబరు, అక్కడ గడపాల్సిన నిమిషాలు. చివరి కాలమ్‌కి ‘ప్రాధాన్యం’ అని పేరు పెట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు కూడా వేశాను. ఇంతా చేసి అది ఒక్క వారాంతపు ప్రయాణం. ఆఫీసు పని మీద రెండు వారాలు మ్యూనిక్‌లో ఉన్నాను. మధ్యలో ఒక శని, ఆదివారాలు ఖాళీ దొరికాయి. అక్కణ్ణుంచి వియన్నాకి రైల్లో నాలుగు గంటలు. శుక్రవారం రాత్రి తొమ్మిదికి దిగడం, ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ రైలెక్కడం. తోడు ఎవరూ లేరు.

19 చోట్లని ఏ వరసలో తిరిగితే దూరం కలిసొస్తుందీ అన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన పాత లెక్క. ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమ్ అంటారు. 19 పేర్లని వరసపెట్టే పద్ధతులు సుమారు 1,200 కోట్ల కోట్లు. అన్నీ ప్రయత్నించి చూడటం కంప్యూటర్‌కి కూడా కష్టమే గానీ, ఉజ్జాయింపుగా మంచి దారి వెతికే ఉపాయాలు చాలా ఉన్నాయి. చిన్న ప్రోగ్రామ్ రాసి హోటల్ గదిలో నడిపాను. (నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. మా టీమ్‌లో ఇద్దరు ఆ కోడ్ తమకీ పంపమన్నారు.) అయితే ఇలాంటి ఏ లెక్కలోనైనా ముందు తేల్చాల్సింది ఒకటుంటుంది. దేన్ని పెంచాలి, దేన్ని తగ్గించాలి? నడిచే దూరాన్ని తగ్గించమని రాశాను, ఎందుకంటే అది రాయడం తేలిక. పెంచాల్సింది ఏమిటో రాయబోతే చెయ్యి ఆగిపోయింది.

మా అమ్మకైతే అందులో సందేహం లేదు. ఆవిడ దాన్ని గిట్టుబాటు అంటుంది. "అంత దూరం వెళ్ళి, అన్ని డబ్బులు పోసి, ఏదీ చూడకుండా వచ్చేస్తే ఏం గిట్టుబాటురా?" అని ఫోన్లో అడిగింది. రాజమండ్రిలో మా ఇంట్లో కూరగాయల నుంచి పుణ్యక్షేత్రాల దాకా అన్నిటికీ ఒకటే తూకం.

ఈ తూకాన్ని వెక్కిరించడం సులువు. మనలాంటి చదువరులకి మరీ సులువు. లిస్టులు పట్టుకుని తిరిగేవాళ్ళు టూరిస్టులు, దారి తప్పి తిరిగేవాళ్ళు యాత్రికులు అని మనకో వర్ణవ్యవస్థ ఉంది. ఎం. ఆదినారాయణ గారి ‘భ్రమణకాంక్ష’ చదివిన రోజుల్లో నాకూ అదే మత్తు. నడవాలి, ఊళ్ళ మీంచి ఊళ్ళకి నడుస్తూ పోవాలి, లిస్టూ టికెట్టూ అన్నీ చించెయ్యాలి. కానీ నా చేతిలో ఉన్నవి నలభై అయిదు గంటలు, అందులో నిద్ర ఉంది.

ఇంకో విషయం. ఆ నలభై అయిదు గంటలు ఊరికే రాలేదు. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సు కాగితం, వేలిముద్రలు, తిరిగి వెళ్ళిపోతానని నమ్మించే ఉత్తరం. అన్నీ ఇచ్చాక పాస్‌పోర్టులో అతికించే స్టిక్కరు మీద ఎన్ని రోజులుండవచ్చో అంకె అచ్చేసి ఉంటుంది. అంకె వేసి ఇచ్చినదాన్ని ఎవరైనా లెక్కపెట్టుకునే ఖర్చు చేస్తారు. నా పక్క సీటు జర్మన్ సహోద్యోగి "ఈసారి ఏమీ చూడకు, ఊరికే కాఫీ తాగుతూ కూర్చో, మిగతావి మళ్ళీ వచ్చినప్పుడు" అన్నాడు. మంచి సలహానే. అతను పొద్దున బ్రెడ్ తింటూ అనుకుంటే మధ్యాహ్నానికి వియన్నాలో ఉండగలడు. ‘మళ్ళీ వచ్చినప్పుడు’ అన్న మాట జేబులో ఉన్నవాడికి లిస్టు అక్కర్లేదు. లేనివాడి లిస్టుని చూసి అది అల్పత్వం అనడం కొంచెం అన్యాయం. ఈ వ్యాసంలో నేను ఎటు తిరిగినా ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

శనివారం పొద్దున పదింటికి కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం తెరిచేసరికి మెట్ల మీద ఉన్నాను. 1891లో తెరిచిన ఆ భవనానికి నా షీట్‌లో కేటాయించినవి తొంభై నిమిషాలు. ఆ మ్యూజియం మీద నాకు ఆసక్తి బొమ్మల వల్ల రాలేదు, ఒక నవల వల్ల వచ్చింది. థామస్ బెర్న్‌హార్డ్ 1985లో రాసిన ‘ఓల్డ్ మాస్టర్స్’. అందులో రేగర్ అనే ముసలి సంగీత విమర్శకుడు ముప్ఫై ఏళ్ళకి పైగా రోజు విడిచి రోజు ఈ మ్యూజియానికి వచ్చి, ఒకే గదిలో ఒకే బెంచీ మీద, టింటొరెట్టో గీసిన తెల్లగడ్డం మనిషి బొమ్మ ముందు కూర్చుంటాడు. కూర్చుని తిడతాడు. ఆస్ట్రియాని, టీచర్లని, బీథోవెన్‌ని, ఆఖరికి ఆ ఊరి మరుగుదొడ్లని కూడా. లోపం లేని కళాఖండం లేదని, ఎంత గొప్ప బొమ్మలోనైనా తప్పు పట్టుకునేదాకా తనకి ఊపిరాడదని అంటాడు. పుస్తకమంతా ఒకే పేరా. నవ్వకుండా చదవడం కష్టం.

రేగర్‌కి ముప్ఫై ఏళ్ళు, నాకు తొంభై నిమిషాలు. మా ఇద్దరిలో ఎవరు ఆ మ్యూజియాన్ని ‘చూసినట్టు’? ఈ ప్రశ్న వేసుకుంటూ లోపలికి వెళ్ళి, బ్రూగెల్ గదిలో ఇరుక్కుపోయాను. పీటర్ బ్రూగెల్ బొమ్మలు ప్రపంచంలో మరే ఒక్కచోటా అన్ని లేవు, ఇక్కడ పన్నెండున్నాయి. 1565లో ఆంట్‌వెర్ప్ వ్యాపారి ఒకాయన ఇంటి కోసం ఏడాది పొడుగూతా మారే కాలాల్ని వరసగా గీశాడు. మిగిలినవి ఐదు. మూడు ఈ గదిలో, ఒకటి ప్రాగ్‌లో, ఒకటి న్యూయార్క్‌లో. అందులో ‘మంచులో వేటగాళ్ళు’ మీలో చాలామంది ఎక్కడో చూసే ఉంటారు, కనీసం క్రిస్మస్ కార్డు మీదైనా. నేనూ అలాగే చూశాను. ముందు పది నిమిషాలు బొమ్మనీ వాచీనీ మార్చి మార్చి చూశాను. తరవాత ఏమైందో గానీ వాచీ మర్చిపోయాను. ఎడమవైపు సత్రం బోర్డు ఒక కొక్కెం ఊడి వాలిపోయి ఉంది. కింద గడ్డకట్టిన చెరువుల మీద పిల్లలు జారుతున్నారు. దూరంగా ఒక ఇంటి పొగగొట్టం అంటుకుంటే మనుషులు నిచ్చెనతో వెళ్తున్నారు. కుడివైపు వంతెన మీద ఒకామె పుల్లల మోపు మోసుకుపోతోంది. ఆ నిప్పు సంగతి ఈమెకి తెలీదు, పిల్లలకి ఎవరి సంగతీ పట్టదు. వేటగాళ్ళు మనకి వీపు చూపించి నడుస్తున్నారు. ముగ్గురు మనుషులు, బోలెడన్ని కుక్కలు, రోజంతా తిరిగి తెచ్చింది కర్రకి వేలాడే ఒక్క నక్క. మా అమ్మ లెక్కలో ఏమాత్రం గిట్టుబాటు కాని వేట.

ఆ గదిలోంచి బయటపడేసరికి యాభై నిమిషాలైంది. ఈజిప్టు, గ్రీసు, వెలాస్కెజ్ అన్నీ మిగిలిన నలభైలో పరిగెత్తి చూశాను. అంటే చూడలేదు. టింటొరెట్టో బొమ్మ దగ్గరికి వెళ్ళి, రేగర్ ఇక్కడ కూర్చునేవాడా అనుకుని, ఒక ఫోటో తీసుకుని కదిలాను.

ఇక్కడ నేను "కాబట్టి పందొమ్మిది చోట్లు వదిలేసి ఒక్క బొమ్మ ముందు కూర్చోండి" అని చెబుతానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. ఆ మాట అనలేను, తిరుమల అడ్డొస్తుంది.

తిరుమలలో గంటలకొద్దీ కంపార్ట్‌మెంట్లలో కూర్చుంటాం. మహాద్వారం దాటేసరికి గుండె దడ పెరుగుతుంది. బంగారు వాకిలి దగ్గరికి వచ్చి, మెడ సాచి, ముందున్న ఆయన తల పక్క నుంచి చూస్తాం. రెండు సెకన్లు, మూడు సెకన్లు. ఈలోపు "జరగండి, జరగండి" అని భుజం మీద చెయ్యి పడుతుంది. బయటికొచ్చాక ఎవరూ "ఎంతసేపు చూశావ్?" అనడగరు. "దర్శనం బాగా అయిందా?" అంటారు. అయిందనే చెబుతాం. అబద్ధం కూడా కాదు. దర్శనం చేసుకున్నాం అని కూడా అంటాం గానీ, ఎక్కువగా వినపడేది ‘అయింది’ అనే. వర్షం పడింది, నిద్ర పట్టింది అన్నట్టు. నేను చేసిన పని కాదది, నాకు అయినది. మ్యూజియం నుంచి వచ్చి మాత్రం ‘చూశాను’ అంటాను. ఆ క్రియకి కర్తని నేను, కాబట్టి సరిగ్గా చూశానా లేదా అన్న పరీక్ష కూడా నాదే.

అందుకని కొద్దిసేపు చూడటం దానంతటదే తక్కువరకం చూపు కాదు. మూడు సెకన్లలో జీవితానికి సరిపడా చూసినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. అయితే ఆ మూడు సెకన్లు ఒంటరిగా నిలబడవు. వాటి వెనక మొక్కు ఉంటుంది, అలిపిరి మెట్లుంటాయి, తీసేసిన జుట్టుంటుంది, చిన్నప్పటి నుంచి విన్న గోవింద నామం ఉంటుంది. క్యూ కూడా దర్శనంలో భాగమే. వియన్నాలో నాకున్న క్యూ అల్లా బెర్న్‌హార్డ్ నవల ఒకటి, ఇంకో రెండు మూడు పుస్తకాలు. ఎంత పుస్తకాల పురుగైనా ఊరికి అంత మొక్కుకుని వెళ్ళడు. బ్రూగెల్ దగ్గర మాత్రం ఏదో ‘అయింది’. ఎందుకు అయిందంటే చెప్పలేను, షీట్‌లో దానికి నేను వేసిన మార్కులు మూడే.

మధ్యాహ్నం బెర్గ్‌గాసె 19కి వెళ్ళాను. ఫ్రాయిడ్ 1891 నుంచి 1938 దాకా ఉన్న ఇల్లు. నాజీలొచ్చాక లండన్ వెళ్ళిపోతూ సామాను తీసుకుపోయాడు. ఆ ప్రసిద్ధమైన సోఫా లండన్‌లోనే ఉంది. ఇక్కడ ప్రధానంగా ఉన్నవి గదులు. ఖాళీ గదుల్ని చూడటానికి టికెట్ కొనడం మొదట విడ్డూరంగా అనిపించింది, కానీ ఆ ఊళ్ళో అంతకన్నా నిజాయితీ ఉన్న మ్యూజియం నాకు కనపడలేదు. ఎవరు లేరో, ఎందుకు లేరో ఆ ఖాళీయే చెబుతోంది.

నేనక్కడికి వెళ్ళింది మాత్రం ఒక చిన్న వ్యాసం వల్ల. ఫ్రాయిడ్ 1936లో, తన ఎనభయ్యో ఏట, రొమే రోలాకి రాసిన బహిరంగ లేఖ. 1904లో తమ్ముడితో కలిసి సెలవులకి బయల్దేరి ట్రియెస్ట్‌లో ఉండగా, అనుకోకుండా ఏథెన్స్ వెళ్ళే అవకాశం వస్తుంది. సంతోషించాల్సింది పోయి అన్నదమ్ములిద్దరూ చిరాకుగా, దిగులుగా తిరుగుతారు. చివరికి వెళ్తారు. అక్రోపొలిస్ మీద నిలబడ్డప్పుడు ఫ్రాయిడ్‌కి, ఇది బళ్ళో చదివినట్టు నిజంగానే ఉందే అని వింత అపనమ్మకం కలుగుతుంది. అన్నేళ్ళ తరవాత దాన్ని విప్పుకుంటూ, అది నాన్నకి సంబంధించిన అపరాధ భావం అని తేలుస్తాడు. ఉన్ని వ్యాపారం చేసుకున్న తండ్రికి పెద్ద చదువు లేదు. ఆయన రాలేని చోటుకి, వచ్చినా ఆయనకి ఏమీ అనిపించని చోటుకి కొడుకు చేరాడు. తండ్రిని మించి రావడం తప్పేమో అన్న బెంగ ఆ ఆనందాన్ని చెడగొట్టింది.

ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు, ఫ్రాయిడ్ అన్నిటికీ ఇలాగే అంటాడులే అనుకున్నాను. మా నాన్న పోయి మూడేళ్ళయింది. బ్యాంకులో గుమాస్తా. పాస్‌పోర్టు లేదు. ఆయన ఇష్టంగా చదివే పుస్తకం రైల్వే టైమ్‌టేబుల్. అతిశయోక్తి కాదు, ఏటా కొత్తది కొనేవాడు. రాత్రి భోజనం అయ్యాక పడక్కుర్చీలో కూర్చుని, గువహాటి వెళ్ళాలంటే హౌరాలో ఎంతసేపు ఆగాలి, అక్కణ్ణుంచి ఏ బండి, జంక్షన్లో నీళ్ళు పట్టుకునే టైమ్ ఉంటుందా అని లెక్కలు వేసేవాడు. గువహాటి వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పనీ లేదు. నా స్ప్రెడ్‌షీట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో బెర్గ్‌గాసెలో నాకు తట్టింది. ఫ్రాయిడ్ నాన్నకి అక్రోపొలిస్ ఏమీ అనిపించకపోవచ్చు గానీ, మా నాన్నని వియన్నా స్టేషన్లో నిలబెట్టి బోర్డు మీద బుడాపెస్ట్, ప్రాగ్, వెనిస్ పేర్లు చూపిస్తే రెండు రోజులూ అక్కడే ఉండిపోయేవాడు. ఏ మ్యూజియానికీ వచ్చేవాడు కాదు.

అప్పటికి నాకొక అభిప్రాయం స్థిరపడింది. ఈ ఊరు నేను ఒక్కణ్ణే చూడటం లేదు, రాలేని ఒకాయన తరఫున కూడా చూస్తున్నాను, కాబట్టి ఎంత ఎక్కువ చూస్తే అంత న్యాయం. వినడానికి బావుంది. ఆదివారం దాకా బాగానే పనిచేసింది.

ఒంటరి ప్రయాణం గురించి ఒక్కమాట. దాని సుఖం అందరూ చెబుతారు: ఎవరితోనూ బేరం ఉండదు, ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తినొచ్చు. చెప్పనిది ఏమిటంటే, సాక్షి ఉండరు. శనివారం సాయంత్రం ఒక కాఫీహౌస్‌లో కూర్చున్నాను. మెలాంజ్ అడిగితే చిన్న పళ్ళెంలో కాఫీ, పక్కన గ్లాసుడు నీళ్ళు, గ్లాసు మీద బోర్లించిన చెంచా. ఆ నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, 1873లో వేసిన కాలువ. ఒక్క కాఫీకి గంటలు కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. ఇదంతా ఎవరికైనా చెప్పాలి అనిపించింది. చెప్పడానికి ఎవరూ లేక ఫోటో తీసి మూడు గ్రూపుల్లో పెట్టాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరినప్పుడు వెంట పెద్ద పరివారం ఉంది, పదిహేను నెలల టైమ్ ఉంది. అయినా ఆయన మజిలీ మజిలీకీ స్నేహితుడికి రాసి పంపుతూనే ఉన్నాడు. ఈ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఇక్కడ బియ్యం దొరుకుతుంది, ఇక్కడ దిగడానికి వసతి లేదు. తరవాత వచ్చేవాడికి పనికొచ్చే సమాచారం. ఆయన గిట్టుబాటు ఇంకొకరి కోసం. నా మూడు గ్రూపుల వాళ్ళకి ఆ నీళ్ళ గ్లాసుతో ఏ పనీ లేదు. పదకొండు లైకులు వచ్చాయి.

ఆదివారం పొద్దున 71వ నంబరు ట్రామ్ ఎక్కి సెంట్రల్ శ్మశానానికి వెళ్ళాను. ఆ ఊళ్ళో ఎవరైనా పోతే ‘71 ఎక్కేశాడు’ అంటారట. మన ‘టికెట్ తీసేసుకున్నాడు’ లాంటిదే. 1874లో తెరిచిన ఆ శ్మశానం రెండున్నర చదరపు కిలోమీటర్లు. బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ దగ్గర దగ్గరగా ఉంటారు. నేను మాత్రం ముందు బోల్ట్‌జ్‌మన్ సమాధి వెతుక్కున్నాను. థర్మోడైనమిక్స్ చదివిన ఏ ఇంజనీరైనా అదే చేస్తాడు. తెల్లటి విగ్రహం పైన ఆయన ఎంట్రొపీ సూత్రం చెక్కి ఉంటుంది: ఎస్ ఈజ్ ఈక్వల్ టు కె లాగ్ డబ్ల్యూ. డబ్ల్యూ అంటే ఒక స్థితి లోలోపల ఎన్ని విధాలుగా అమరగలదో ఆ లెక్క. నా 19 చోట్ల 1,200 కోట్ల కోట్ల వరసలు గుర్తొచ్చి ఆయన ముందు నిలబడి నవ్వుకున్నాను. సెకండియర్లో ఆ పేపర్ రెండుసార్లు రాశాను.

తిరుగు ప్రయాణంలో ట్రామ్‌లో అమ్మ ఫోన్ చేసింది. మూడున్నర గంటల తేడా, అక్కడ సాయంత్రం టీ వేళ. "అన్నీ చూస్తున్నావా, ఇంకా ఎన్ని మిగిలాయి?" "నాలుగమ్మా." ఫోన్ పెట్టగానే వెనక సీట్లోంచి, "తెలుగేనా అన్నా?"

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. ఒళ్ళో ఫుడ్ డెలివరీ వాళ్ళు వీపుకి తగిలించుకునే పెద్ద డబ్బా సంచీ. సైకిల్ పాడై రిపేర్‌కి ఇచ్చాడట. ఖమ్మం దగ్గర పల్లె. ఎమ్మెస్ చేయడానికి వచ్చి ఏడాదిన్నర. పొద్దున్నుంచీ ఎక్కడెక్కడ తిరిగానో అడిగాడు. నేను ఫోన్ తీసి షీట్ చూపించాను, కొంచెం గర్వంగానే. వేలితో పైకీ కిందకీ జరిపి చూశాడు.

"ఈ మ్యూజియం ముంగటి నుంచి వారానికి పదిసార్లు పోత అన్నా. లోపలికి పోలే. లోపల ఏముంటయ్?"

"బొమ్మలు" అన్నాను.

యాభై నిమిషాలు ఒక్క బొమ్మ ముందు నిలబడ్డవాణ్ణి. వాలిన బోర్డూ, నిచ్చెనా, పుల్లల మోపూ, అన్నీ అప్పటికి కళ్ళ ముందే ఉన్నాయి. ‘బొమ్మలు’ అన్నాను. అతను తలూపి, "సిమ్మరింగ్‌ల దిగుత అన్నా, రెండు స్టాపులు. మా రూం అక్కడ్నే. పొద్దున పప్పు చేసినం, గోంగూర పచ్చడుంది, అమ్మ పంపింది. రండి, తినిపోదురు. ఐదింటిదాంక డ్యూటీ లేదు" అన్నాడు.

మూడింటికి నాకు బెల్వెడేర్ ప్యాలెస్‌లో స్లాట్ ఉంది. క్లిమ్ట్ ‘ది కిస్’. డబ్బు కట్టేసిన టికెట్టు, షీట్‌లో ఐదుకి ఐదు. టైమ్ రెండుంబావు. సిమ్మరింగ్‌లో దిగితే స్లాట్ పోతుంది, ఆరున్నరకి రైలు. ఇదంతా నేను ఆలోచించానని చెప్పలేను, లెక్క దానంతటదే అయిపోయింది. "ఇంకోసారి వస్తాలే తమ్ముడూ, ఈసారికి టైమ్ లేదు" అన్నాను. నంబర్లు మార్చుకున్నాం. అతను దిగిపోయాడు. సంచీ తలుపులో పట్టి ఒక క్షణం ఇరుక్కుంది.

బెల్వెడేర్ తోట కింద నుంచి పైకి ఎక్కుతుంటే ఆ ‘ఇంకోసారి’ నోట్లో చేదుగా ఉంది. మన ఊళ్ళో అందరం వాడే మాటే. ఎవరింటికో వెళ్ళలేకపోతే "ఇంకోసారి వస్తాం వదినా" అంటాం, వదినకీ తెలుసు వెంటనే రామని. అయినా ఒకే ఊళ్ళో ఉన్నాం కాబట్టి ఆ మాటకి కాస్త నిజం అంటుకునే ఉంటుంది. ఏ పెళ్ళిలోనో కనపడతాం, ఏ పండక్కో వెళ్తాం. వియన్నా ట్రామ్‌లో ఆ మాటకి అంటుకోవడానికి ఏమీ లేదు. మళ్ళీ రాలేను కాబట్టి అన్నీ చూసెయ్యాలని షీట్ చేసుకున్నవాణ్ణి, అదే నోటితో మళ్ళీ వస్తానన్నాను. బొమ్మలకి ఒక లెక్క, మనిషికి ఇంకో లెక్క.

‘ది కిస్’ నిలువూ అడ్డం ఒక్కో మీటరు ఎనభై సెంటీమీటర్లు. 1908లో ప్రదర్శనలో ఉండగానే ప్రభుత్వం కొనేసింది. దాని ముందు నలభై మంది, నలభై ఫోన్లు. నేనూ ఎత్తాను. ఎవరూ జరగండి అనలేదు, అక్కడ అనరు. కానీ వెనకవాళ్ళ ఊపిరి మెడకి తగులుతుంటే మనమే జరుగుతాం. నాకు దర్శనం అవలేదు. బొమ్మ తప్పు కాదు. బహుశా మంచి బొమ్మే.

ఇప్పుడు, నేను చేసింది తప్పా? ఈ ప్రశ్నని నెలల తరబడి తిప్పుతున్నాను. మిత్రులకి చెబితే ఎక్కువమంది అన్నది ఒకటే: "అయ్యో, నిజమైన వియన్నా ఆ రూంలో ఉంది, మిస్సయ్యావ్." ఈ జవాబు నాకు మింగుడుపడటం లేదు. ఆ కుర్రాడి పప్పన్నంలో ‘నిజమైన వియన్నా’ వెతకడానికి వెళ్ళుంటే అది షీట్‌లో ఇరవయ్యో వరస అయ్యేది, ప్రాధాన్యం ఐదు. అతని ఇరుకు గదీ, సైకిలూ, వాళ్ళమ్మ పంపిన గోంగూరా నా వ్యాసానికి సామాను అయ్యేవి. (ఇప్పుడూ అయ్యాయి. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను.) క్లిమ్ట్‌ని వదిలి పప్పుని ఎంచుకోవడంలో గొప్పేమీ లేదు, రెండూ నా ఖాతాలోకే జమ అవుతుంటే.

తేడా ఎక్కడుందంటే, క్లిమ్ట్ నన్ను పిలవలేదు. ఆ ఊళ్ళో పందొమ్మిది చోట్లూ నన్ను పిలవలేదు, నేనే టికెట్ కొనుక్కుని వెళ్ళాను. ఆ రెండు రోజుల్లో నా భాషలో, నన్ను చూసి, అన్నా అని పిలిచింది అతనొక్కడే. పిలుపుకి జవాబు చెప్పడం అనేది అనుభవాల లెక్కలోకి వచ్చే విషయం కాదు. వెళ్ళకపోవచ్చు, నిజంగానే వీలుకాకపోవచ్చు, దానికీ ఒక మర్యాద ఉంది. నేను ఆ మర్యాద కూడా చూపించలేదు. వారానికి పదిసార్లు ముందు నుంచి పోయే కుర్రాడు లోపల ఏముంటయ్ అనడిగితే, రెండు స్టాపుల టైమ్ ఉంది, వేటగాళ్ళ గురించి చెప్పొచ్చు కదా. రేగర్ గుర్తొచ్చాడు. ఆ నవల చివరికొచ్చేసరికి తెలుస్తుంది, అతను భార్యని మొదట కలిసింది ఆ బెంచీ మీదే. ఆమె పోయింది. పోయాక ఆ మహామహులందరూ, పుస్తకాలూ బొమ్మలూ సంగీతమూ, ఏవీ ఆదుకోలేదని, ఒక్క మనిషి లేని లోటుని అవన్నీ కలిసినా పూడ్చలేవని ఆ తిట్లమారి ముసలాయన ఒప్పుకుంటాడు. ఈ ముక్క నాకు తెలుసు. చదివి, పెన్సిల్‌తో గీత గీసుకుని మరీ వెళ్ళాను.

మరి నాన్న తరఫున చూస్తున్నాను అన్నది? నాకు పదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ కాశీ వెళ్ళాం. చూడాల్సినవన్నీ అమ్మ ఒక కాగితం మీద రాసుకుంది. నాలుగో రోజు సారనాథ్. ఆ పొద్దున గంగ ఒడ్డున మన వైపు మనిషి ఒకాయన నాన్నతో మాట కలిపాడు. కొవ్వూరు దగ్గరివాడట, అక్కడే స్థిరపడ్డాడు. భోజనానికి రమ్మన్నాడు. నాన్న వెంటనే సరే అన్నాడు, అమ్మ మొహం చూడకుండా. సాయంత్రం దాకా వాళ్ళింట్లో ఉండిపోయాం. సారనాథ్ చూడలేదు. కాశీ నుంచి పది కిలోమీటర్లు. అమ్మ ఇప్పటికీ అంటుంది, "మీ నాన్న వల్ల సారనాథ్ పోయింది" అని.

ఆ భోజనం నాకు గొప్పగా గుర్తుందని రాస్తే బాగుండేది. గుర్తు లేదు. ఏం పెట్టారో, ఆ ఇల్లెలా ఉందో, ఆయన పేరేమిటో ఏదీ లేదు. అమ్మ సణుగుడు మాత్రం గుర్తుంది. నాన్నని అడిగితే చెప్పేవాడేమో, అప్పుడు అడగాలని తోచలేదు. నాన్న తరఫున అనుకుంటూ రెండు రోజులూ అమ్మ కాగితం పట్టుకు తిరిగానని ట్రామ్ దిగాక గానీ తెలియలేదు. అలాగని అమ్మది తప్పనీ అనలేను. ఆవిడకి అది ఒక్కటే కాశీ. మళ్ళీ వెళ్ళలేదు. సారనాథ్ స్తూపం ఆవిడకి చెందాల్సింది, ఎవరో కొవ్వూరాయన కోసం ఆవిణ్ణి అడక్కుండా నాన్న ఇచ్చేశాడు. పిలుపుకి పలికిన మనిషి మంచితనం ఇంకెవరి ఖర్చు మీద నడుస్తుందో కూడా చూడాలి. నేను ఒంటరిగా ఉన్నాను, నా క్లిమ్ట్ నేనొక్కణ్ణే వదులుకోవాలి. నాకా ఇబ్బంది కూడా లేకపోయింది.

ఆరున్నర రైలు టైమ్‌కే కదిలింది. షీట్ తెరిచి చూసుకుంటే 19లో పదహారు టిక్కులు. ఆ కుర్రాడి నంబరుకి మెసేజ్ పెడదామని మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. సారీ అనడం అతిగా ఉంది, థాంక్స్ అనడానికి తీసుకున్నదేమీ లేదు. చివరికి వేటగాళ్ళ బొమ్మ ఫోటో పంపి, కింద రాశాను. నువ్వు అడిగిన మ్యూజియంలోది, 1565 నాటిది, ఎడమవైపు బోర్డు చూడు, దూరంగా ఇల్లు అంటుకుంది చూడు, వీళ్ళకి రోజంతా తిరిగితే దొరికింది ఒక్క నక్క.

లింజ్ దాటాక జవాబొచ్చింది. డెలివరీల మధ్య పెట్టినట్టున్నాడు.

"సూపరన్నా. మాకు ఆదివారం గూడ గట్లనే ఉంటది, ఒక్క ఆర్డర్ కోసం ఊరంత తిరుగుడు. తిన్నరా?"

తిన్నానని రాశాను. తినలేదు.